ఎవరి బిళ్ళ వాళ్ళే

పదకొండూ నలభై అయింది. సాయంత్రం నాలుగింటికి నగేశ్‌ను మెజిస్ట్రేటు ముందు నిలబెడతారు. ఒకసారి రిమాండుకు పోయాడంటే మనిషి మీద హత్య ముద్ర పడిపోయినట్టే. ఆ తర్వాత నిజం దొరికినా దాన్ని వినే తీరిక ఎవరికీ ఉండదు. ఇరవై రెండేళ్ళుగా ప్రైవేటు డిటెక్టివ్ పనిలో ఉన్న పద్మలతకు ఈ సంగతి ఒకరు చెప్పనక్కర్లేదు.

స్టేషన్ వరండాలో నగేశ్ అక్క సాయిలత గోడకు ఆనుకుని కూర్చుంది. బీడీలు చుట్టి చుట్టి గరుకుదేలిన వేళ్ళతో కొంగు అంచును మెలిపెడుతోంది. ఈ కేసు పద్మలతకు అప్పజెప్పింది ఆమే.

"అక్కా, మా తమ్ముడు కోడిని గూడ కొయ్యలేడు" అంది లేస్తూ.

"కోడి సంగతి కోర్టు అడగది సాయిలతా. నువ్వు జర నీళ్ళు తాగి కూసో. నేను మాట్లాడొస్త."

ఎస్సై రాజేశం లోపలి గది తలుపు తెరిచాడు. మాట కఠినమే గానీ మనిషి చెడ్డవాడు కాదు. "కంపెనీ ఫిర్యాదు ఇచ్చింది, నేను కేసు కట్టిన. మీ కాడ ఏమన్న ఉంటే మూడింటి లోపల చూపియ్యండి మేడం. నాలుగింటికి మాత్రం నేనేం చెయ్యలేను" అన్నాడు.

చనిపోయిన సిద్దార్థది తాడ్వాయి. తొమ్మిదేళ్ళు ధ్రువాల దిక్కు యాత్రా ఓడలు నడిపే కంపెనీలో, ఆ ఓడల మీదే పనిచేశాడు. అక్కడ రేవులుండవు. ఓడ దూరంగా ఆగితే, ప్రయాణికులను రబ్బరు పడవల్లో మంచు ఒడ్డున దింపి, తిప్పి చూపించి, చీకటి పడకముందే మళ్ళీ ఓడ ఎక్కించాలి. పడవలు నడిపేవాళ్ళను, దింపేవాళ్ళను, కావలి కాసేవాళ్ళను ఎంచుకుని, నేర్పి, ఏ ఓడకు ఎవరిని పంపాలో తేల్చే జిమ్మేదారి అంతా అతనిదే. దుబాయి ఎండలో నిలబడే మన జిల్లా వాళ్ళు మంచులో ఎందుకు నిలబడలేరని కంపెనీతో కొట్లాడి, కామారెడ్డిలో ఆఫీసు, పోచారం నీళ్ళ ఒడ్డున శిక్షణ శిబిరం పెట్టించాడు. మొన్న బుధవారం సాయంత్రం ఐదుంపావుకు, తల వెనక పెద్ద దెబ్బతో, ఆ నీళ్ళలోనే చేపలు పట్టేవాళ్ళ వలకు తగిలాడు.

నగేశ్ రెండు రోజుల గడ్డంతో నేల చూపులు చూస్తున్నాడు. పద్మలత అతని ఎదురుగా కుర్చీ లాక్కుంది.

"బుధవారం పొద్దుగాల ఎన్నింటికి నీళ్ళ మీదికి పోయిండ్రు?"

"ఏడూ పదికి. సారూ నేనూ ఇద్దరమే. మిగిలినోళ్ళంత డాక్టరు పరీక్షలకని కామారెడ్డిల ఉండిరి."

"పోయే ముందు ఏం చేసిండ్రు? ఒక్కటి గూడ ఇడువకుండ చెప్పు."

"బిళ్ళలు తిప్పినం."

"నాకు తెల్వది అనుకొని చెప్పు."

"గుడిసెల బోర్డుంటది మేడం. మనిషికొక ఇత్తడి బిళ్ళ. ఒక దిక్కు నంబరుంటది, ఇంకో దిక్కు నున్నగుంటది. ఒడ్డు మీద ఉన్నంత సేపు నంబరు కనవడాలె. నీళ్ళ మీదికి పోయేటప్పుడు తిప్పితే నంబరు దాగుతది. తిరిగొచ్చినంక మల్ల తిప్పాలె. ఎవరి బిళ్ళ వాళ్ళే తిప్పాలె, ఇంకొకల బిళ్ళ ముట్టొద్దు. అది ఓడ కానూను. ఒక్క నంబరు దాగి ఉన్నా ఓడ కదలది. కదిలిందంటే మంచుల మనిషిని ఇడిసిపెట్టి పోయినట్టే గద."

"మంచిది. తర్వాత?"

"నీళ్ళ నడుమ దిబ్బ మీద సారును దింపిన. 'నేను ప్రయాణికుని లెక్క ఇక్కడ కూసుంట, నువ్వు పెట్రోలు తెచ్చుకొని తొమ్మిదిన్నరకు వచ్చి నన్ను తీస్కపో' అన్నడు. ఏడూ యాభైకి ఒడ్డుకొచ్చిన. బూట్లు కడిగి బోర్లేసిన. నా బిళ్ళ తిప్పిన, నాది తొమ్మిదో నంబరు. ఎనిమిదింటికి వాచ్‌మన్ పర్శరాములు తాతతోటి ఆటోల ఎల్లారెడ్డికి పోయిన. తొమ్మిదీ ఇరవైకి తిరిగొచ్చినం."

"వచ్చినోనివి దిబ్బ కాడికి ఎందుకు పోలే?"

నగేశ్ పెదవి కొరుక్కున్నాడు. ఈ ప్రశ్న రెండు రోజులుగా అతనే తనను వెయ్యిసార్లు అడుక్కున్నట్టున్నాడు.

"సారు బిళ్ళ తిరిగి ఉండె మేడం. ఒకటో నంబరు తెల్లగ కనవడ్డది. హైదరాబాద్ పెద్దసార్లు చెప్పకుంట తనిఖీకి వస్తుంటరు. వాళ్ళెవరో ఒడ్డున ఉండే రెండో పడవల సారును తెచ్చిండ్రు, సారు వాళ్ళతోటి పోయిండు అనుకున్న. బోర్డు చెప్పినంక కండ్లను గూడ నమ్మొద్దని సారే నేర్పె. ఒక్కసారి దిబ్బ కాడికి పోయొస్తే అయిపోతుండె. పోలే."

"నిన్ను రెండుసార్లు పరీక్షల ఫెయిల్ చేసిండట. అందుకే చంపినవని కంపెనీ అంటున్నది."

"చేసిండు." నగేశ్ మొదటిసారి తల ఎత్తాడు. "భిక్నూర్ నర్సింహులన్న పోయిన సీజన్ల మంచు నీళ్ళల పడి సచ్చిపోయిండు. అప్పటి సంది సారు ఎవరినీ జల్ది పాస్ చేస్తలేడు. 'నీకు కోపమొచ్చినా మంచిదే నగేశ్, మీ అక్కకు నీ బట్టల సంచి పంపుడు నాతోటి కాదు' అన్నడు. నేను బతకాలెనని ఫెయిల్ చేసినోని మీద నాకు కోపమెందుకుంటది మేడం?"

పద్మలత కుర్చీ వెనక్కి జరిపి లేచింది.

నర్సింహులు పేరు ఆ రోజు వినడం ఇది రెండోసారి. పొద్దున కామారెడ్డి ఆఫీసులో స్నిగ్ధ కూడా ఆ పేరే చెప్పింది. ఏ మనిషి ఏ ఓడ ఎక్కాలో రాసి పెట్టే ఉద్యోగం స్నిగ్ధది. మంగళవారం సాయంత్రం సిద్దార్థ ఆమెకు ఫోన్ చేసి, నర్సింహులు శిక్షణ ఫైలు తీసి పెట్టమన్నాడట. నలభై గంటలు చల్లనీళ్ళ శిక్షణ అయినట్టు అందులో రాసి ఉంది, అయింది నాలుగు గంటలే అని కూడా అన్నాడట. గురువారం స్నిగ్ధ వెతికితే ఫైలు లేదు. "ఆ కాయితాల మీద సంతకం ఎవరిదమ్మా?" అని పద్మలత అడిగితే ఆ పిల్ల చూపు తప్పించింది. "సిద్దార్థ సార్ అప్పుడు ఓడ మీద ఉన్నరు మేడం. పాత మెయిళ్ళు చూసి చెప్త" అంది. పద్మలత ఇంకొకటి కూడా అడిగి పెట్టి వచ్చింది: రోజూ పొద్దున పని షురూ కాకముందు, సాయంత్రం బందయ్యాక సిద్దార్థ ఆఫీసుకు పంపే బోర్డు ఫోటో.

ఎస్సై జీపులో పోచారం శిబిరం చేరేసరికి పన్నెండూ యాభై. రేకుల కప్పు గుడిసె తలుపుకు పోలీసు సీలు అలాగే ఉంది. మెట్టు మీద పర్శరాములు కూర్చుని ఉన్నాడు. అరవై దాటిన మనిషి. జీపు చూసి లేచాడు.

"ఈ సీలు ఎప్పుడు వేసిండ్రు?" అని అడిగింది పద్మలత.

"బుధవారం సాయంత్రం ఆరున్నరకు" అన్నాడు రాజేశం, లక్క పగలగొడుతూ. "కంపెనీ భద్రతాధికారి హరీష్ పట్టుబట్టి వేయించిండు. అప్పటి సంది ఎవరూ దూరలే."

లోపల ఒక గోడకు బోర్డు, ఇంకో గోడకు బూట్ల కొయ్యలు, మూలకు రెండు బ్రష్షులు, గులాబీ రంగు మందునీళ్ళ తొట్టి. బోర్డు మీద నాలుగు వరుసలు, వరుసకు ఆరు మేకులు. మూడో వరుస సగం దాకా నంబర్లు కనిపిస్తున్నాయి. అక్కడి నుంచి చివరి దాకా నున్నటి ఇత్తడే. ఎవరికీ ఇవ్వని బిళ్ళలను సిద్దార్థ అలా బోర్లా వేలాడదీసేవాడు. ఒకటో నంబరు మాత్రం అందరి కంటే ముందు, తానెక్కడికీ పోలేదన్నట్టు మెరుస్తోంది. అబద్ధం అంత శుభ్రంగా ఉండటం పద్మలత ఎప్పుడూ చూడలేదు.

"పర్శరాములన్నా, పెట్రోలు తెచ్చినంక ఈ గుడిసె లోపలికి వచ్చినవా?"

"వచ్చిన తల్లీ. బూట్లు చూసి పోయిన. రెండు జతలు బోర్లేసి ఉండె. రెండిట్లకెళ్ళి నీళ్ళు కార్తుండె. ఒకటి నగేశ్‌ది, ఇంకోటి సారుది అనుకున్న."

"బూట్లెందుకు కడుగుతరు?"

"ఒక ఒడ్డు మట్టి, ఒక గడ్డి గింజ గూడ ఇంకో ఒడ్డుకు పోవద్దట. మంచు దేశంల అది పెద్ద తప్పట. నీళ్ళ మీదికెళ్ళి ఎవరొచ్చినా ముందుగాల బ్రష్షు కొట్టి, తొట్టిల ముంచి, బోర్లేసి, అటెంక బిళ్ళ తిప్పుడు. సారు ముందట ఇందుల ఏ ఒక్కటి తప్పినా ఊకునేటోడు కాదు."

"రెండు జతల మాట పోలీసులకు చెప్పినవా?"

"నన్నెవరడిగిండ్రమ్మా? హరీష్ సారు అడిగింది ఒక్కటే, నగేశూ సారూ కొట్లాడిండ్రా అని."

పద్మలత ఎస్సై వైపు తిరిగింది. "శవం దొరికినప్పుడు సిద్దార్థ కాళ్ళకు ఏమున్నయి?"

రాజేశం పంచనామా కాగితం తీశాడు. వేలు ఒక గీత దగ్గర ఆగింది. "రబ్బరు బూట్లు. రెండూ కాళ్ళకే ఉన్నయి."

"మరి నీళ్ళు కారే రెండో జత ఎవరిది?"

రాజేశం పంచనామాను మళ్ళీ మొదటి నుంచి చదివాడు. చదివినంత మాత్రాన అందులో రాత మారదు గదా.

"ఎనిమిదింటికీ తొమ్మిదీ ఇరవైకీ నడుమ ఇక్కడ ఇంకో మనిషి ఉన్నడు" అంది పద్మలత. "రెండో పడవ తీసుకొని దిబ్బ కాడికి పోయిండు. తిరిగొచ్చి బూట్లు కడిగి బోర్లేసిండు. సిద్దార్థ బిళ్ళ తిప్పిండు. ఎవరూ వెతకొద్దని."

"కథ మంచిగున్నది."

గడపలో హరీష్ నిలబడి ఉన్నాడు. ఇస్త్రీ మడత చెదరని చొక్కా, చేతిలో కారు తాళం. వాళ్ళది ఎల్లారెడ్డి పక్కన పెద్ద భూముల కుటుంబం. అడగడం కంటే చెప్పడం అలవాటున్న గొంతు.

"ఎస్సై గారూ, బీడీలు చేసుకునే ఆమె పిలిస్తే వచ్చిన డిటెక్టివ్ కోసం సీలు పగలగొట్టిండ్రా?"

"బీడీలు చేసే చెయ్యి శుభ్రంగనే ఉంటది హరీష్ గారూ" అంది పద్మలత. "రండి, మీరే గావాల్ననుకుంటున్న. ఈ పని తెలిసినోళ్ళు ఇక్కడ ఇంకెవరూ లేరు."

"తెలిసినోడు కాబట్టే చెప్తున్న. ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటరు. నేను పట్టిన. నగేశ్ నడినీళ్ళల కొట్టి తోసిండు, వచ్చి రెండు బిళ్ళలు తిప్పిండు. ఇక ఈ ముసలాయన బూట్ల ముచ్చట ఎవరు నమ్ముతరు?"

"ఆయన చూసింది ఆయన చెప్పిండు. బయటి మనిషైతే చంపి పారిపోతడు గని బూట్లు కడిగి మందునీళ్ళల ముంచి పోతడా? ఇది ఓడ మనిషి చేసిన పని."

"నగేశ్ గూడ నేర్చుకున్నోడే."

"ఒక్క మనిషికి రెండు జతలెందుకు?"

హరీష్ నవ్వాడు గానీ ఆ నవ్వు ఎక్కువసేపు నిలబడలేదు. పద్మలత గొంతు తగ్గించి, ఏమీ తెలియనిదానిలా అడిగింది.

"ఒకటి చెప్పండి. సిద్దార్థ ఆ రోజు పోయేటప్పుడు బిళ్ళ తిప్పుడు మరిచిపోయిండేమో? అప్పుడు నంబరు మొదటి నుంచి కనవడుకుంటనే ఉండొచ్చు గద."

"ఓడ మీద చేసినోడు మరువడు. నేనూ ఆరు సీజన్లు మంచుల దిగినోన్నే. నిద్రల లేపినా చెయ్యి దానంతట అదే బోర్డు మీదికి పోతది. తలకాయతోటి చేసే పని కాదది."

"అట్లనా. మీరు బుధవారం ఎన్నింటికి వచ్చిండ్రు?"

"సాయంత్రం ఆరుకు. శవం దొరికిందని ఫోనొచ్చినంక. హైదరాబాద్‌ల ఇంకో పనికి పోయినోన్ని..." ఒక్క క్షణం తడబడి సర్దుకున్నాడు. "మెదక్ దాకా వచ్చి ఉంటి. అక్కడి నుంచి వచ్చిన."

"గుడిసె లోపలికి వచ్చిండ్రా?"

"లేదు. గడప కాడ నిలబడి ఒకటో బిళ్ళ ఫోటో తీసిన, సీలు వేయించిన. అటెంక ఈగ గూడ దూరలే."

"ఆ రోజు నీళ్ళ మీదికి?"

"నేనెందుకు పోత? నీళ్ళ మీదికి పోయి నెల దాటింది. ఈ ప్రశ్నలు నన్నడుగుడేంది? నాలుగింటికి కోర్టున్నది, ఎస్సై గారి టైం గిట్ల ఖరాబు చెయ్యకండి."

ఒంటి గంటా ముప్పై రెండు. పద్మలత ఫోన్ మోగింది. స్నిగ్ధ ఫోటో పంపింది. పద్మలత దాన్ని ఒకసారి చూసింది. తర్వాత బోర్డును చూసింది. కళ్ళద్దాలు తీసి కొంగుతో తుడుచుకుని మళ్ళీ ఫోటో చూసింది. ఆమెకు గెలిచిన సంతోషం కలగలేదు. దిబ్బ మీద ప్రయాణికుడిలా కూర్చుని, పడవ చప్పుడు విని, తెలిసిన మనిషే వస్తున్నాడని లేచి నిలబడిన సిద్దార్థ కళ్ళ ముందు మెదిలాడు.

"ఎస్సై గారూ, ఇది బుధవారం పొద్దుగాల ఆరూ యాభై ఐదుకు సిద్దార్థ తీసి పంపిన ఫోటో. అప్పటికి ఎవరూ నీళ్ళ మీదికి పోలే. ఎన్ని నంబర్లు కనవడుతున్నయి? లెక్కవెట్టండి."

రాజేశం పెదాలు కదిపాడు. "పదహారు."

"ఇప్పుడు గోడ మీద?"

ఈసారి రాజేశం ఒక్కొక్క బిళ్ళ మీదా వేలు చూపిస్తూ పోయాడు. మూడో వరుస సగం దగ్గర ఆగాడు. మళ్ళీ మొదటి నుంచి లెక్కపెట్టాడు.

"పదిహేను" అన్నాడు.

"పదిహేను పక్కన ఉన్నది ఎవరికీ ఇయ్యని బిళ్ళ అని మనమందరం అనుకున్నం. ఇయ్యని బిళ్ళల పక్కకు ఉన్నది గద, కలిసిపోయింది. ముట్టకుండ, కలంతోటి అంచు పట్టి ఎత్తండి."

రాజేశం జేబులోంచి కలం తీసి బిళ్ళ అంచు ఎత్తాడు. వెనక వైపు పదహారు అని చెక్కి ఉంది.

పద్మలత స్నిగ్ధకు ఫోన్ కలిపి అందరికీ వినబడేలా పెట్టింది. "అమ్మా, బోర్డుల పదహారో నంబరు ఎవరిది?"

అవతల గాలి పీల్చిన చప్పుడు వినబడింది. "హరీష్ సార్‌ది మేడం. తనిఖీకి వచ్చినప్పుడు ఆయనకు గూడ బిళ్ళ ఉండాల్నని సిద్దార్థ సారే చేపిచ్చిండు." కొంచెం ఆగి మళ్ళీ అంది, "మెయిళ్ళు దొరికినయి. నర్సింహులు శిక్షణ కాయితాల మీద సంతకం గూడ ఆయనదే. నలభై గంటలు అని."

పర్శరాములు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు. నర్సింహులును మొదట ఈ శిబిరానికి తీసుకొచ్చింది తనే.

"ఆ సంతకం బయటపడుతదని భయపడి బుధవారం పొద్దుగాల మీరు దొంగతనంగ వచ్చిండ్రు" అంది పద్మలత హరీష్‌తో. "దొంగతనంగ వచ్చినోడు పోయేటప్పుడు బిళ్ళ తిప్పడు, మీరూ తిప్పలే. మీ నంబరు కనవడుకుంటనే ఉన్నది. పని అయినంక తిరిగొచ్చిండ్రు. బూట్లు కడిగిండ్రు. సిద్దార్థ బిళ్ళ కావాల్నని తిప్పిండ్రు, అది తలకాయతోటి చేసిన పని. గని ఆరు సీజన్లు మంచుల దిగిన చెయ్యి ఊకుంటదా? దానంతట అదే మీ బిళ్ళ గూడ తిప్పింది. కనవడే నంబరు దాగింది. అది మీకు గూడ యాది లేదు. యాది ఉంటే ఈ గుడిసెకు సీలు వేయించేటోళ్ళు కాదు."

"నెల కింద తిప్పుడు మరిచిన" అన్నాడు హరీష్.

"ఓడ మీద చేసినోడు మరువడని ఇప్పుడే చెప్తిరి. అయినా ఈ ఫోటోల మీ నంబరున్నది. బుధవారం పొద్దుగాల ఆరూ యాభై ఐదుకు ఉన్నది, సాయంత్రం సీలు పడేసరికి లేదు. మీరు మాత్రం గడప దాటలేదంటున్నరు."

రాజేశం అప్పటికే స్టేషన్‌కు ఫోన్ కలిపాడు. "నగేశ్‌ను కోర్టుకు తియ్యకుండ్రి. నేనొచ్చే దాకా అక్కడనే కూసోవెట్టండి. బయట వాళ్ళ అక్క ఉంటది, ఆమెను లోపలికి పిలిచి తమ్మునితోటి మాట్లాడనియ్యండి. ఇంకొకటి, బుధవారం పొద్దుగాల హరీష్ కారు ఏ తొవ్వల వచ్చిందో టోల్ గేటు కెమెరాలన్నీ చూపియ్యమని చెప్పండి." ఫోన్ పెట్టి గడపకు అడ్డంగా నిలబడ్డాడు.

హరీష్ ఎవరినీ చూడటం లేదు. బోర్డునే చూస్తున్నాడు. కారు తాళం జారి నేల మీద పడింది. అతని కుడిచెయ్యి మెల్లగా లేచి మూడో వరుస వైపు పోయింది. అది తన చెయ్యేనని అతనికి తెలిసినట్టు కూడా లేదు.

పర్శరాములు మధ్యలోకి వచ్చి ఆ మణికట్టు పట్టుకున్నాడు. వదల్లేదు.

"ముట్టకు సారూ" అన్నాడు. "నీ బిళ్ళ నువ్వే తిప్పాలె, నిజమే. ఒడ్డుకొచ్చినంక తిప్పాలె. సిద్దార్థ సారును నీళ్ళల ఇడిసిపెట్టినోనివి, నువ్వింకా ఒడ్డుకు రాలే."